రెండు రూపాయల పార్కు, నూట పదహార్ల పాట

"తిన్నావా నాన్నా?"

"ఆ, తిన్నానమ్మా."

హైదరాబాద్ కృష్ణానగర్‌లో రాత్రి తొమ్మిది దాటాక చాలా ఫోన్లలో నడిచే మాటలివి. అందులో సగం రోజులు అబద్ధమేనని చెప్పేవాడికి తెలుసు. వినే అమ్మకీ తెలుసు. నలుగురు సర్దుకున్న గదిలో ఓ మూల చాప, మేకుకి తగిలించిన ఒకే ఒక్క మంచి చొక్కా, "మళ్లీ చెప్తాం" అని ఇంకెప్పుడూ చెప్పని ఆఫీసులు, ఆడిషన్ అప్‌డేట్ల కోసం పదేపదే తెరిచి చూసే వాట్సాప్ గ్రూపులు. యాక్టర్ అవుదామనో, సింగర్ అవుదామనో సిటీకి వచ్చినవాళ్ల మొదటి నెలలు చాలావరకు ఇలాగే గడుస్తాయి.

అలాంటి రాత్రుల్లో రూమ్మేట్లలో ఎవడో ఒకడు ధైర్యం చెప్తాడు. "ఘంటసాల అంతటాయనే పార్కులో పడుకున్నాడురా. మనదెంత?"

నిజమే, పడుకున్నారు. కానీ మనం ఆ కథని సగమే చెప్పుకుంటాం. పార్కు దగ్గర మొదలుపెట్టి, సక్సెస్ దగ్గర ఆపేస్తాం. మనకి నిజంగా పనికొచ్చేది ఆ మిగిలిన సగం. అదేంటో ఒకసారి చూద్దాం.

పెళ్లైన కొత్తలోనే మద్రాసుకి

ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది 1922 డిసెంబర్ 4న, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. 1944 మార్చి 4న సావిత్రితో పెళ్లైంది. ఆ సాయంత్రం పెళ్లిలో కచేరీ చేసింది ఎవరో తెలుసా? పెళ్లికొడుకే! అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, దగ్గర్లోని ఊరికి సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్య వచ్చారు. కుర్రాడి గురించి విని, మద్రాసు వచ్చి తనని కలవమన్నారు. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. స్టూడియోలు, ఆఫీసులు, తారలు అందరూ అక్కడే. ఇక ఆగలేదు. కొంత అప్పు చేసి, కొత్త పెళ్లికూతుర్ని ఊళ్లోనే వదిలి బయల్దేరారు.

సముద్రాల మాట నిలబెట్టుకున్నారు. కుర్రాణ్ని తీసుకెళ్లి చిత్తూరు నాగయ్య, దర్శకుడు బి.ఎన్.రెడ్డిల ముందు పాడించారు. వాళ్లిద్దరూ అప్పటికే పెద్ద పేర్లు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే, సిటీలో దిగీ దిగగానే టాప్ హీరో, టాప్ డైరెక్టర్ కలిసి మీ ఆడిషన్ చూసినట్టు. పాట విన్నారు. నచ్చింది కూడా. అవకాశం ఉన్నప్పుడు ఇస్తామన్నారు.

అంతే. "మళ్లీ చెప్తాం" అనే మాట వయసు 80 ఏళ్లు దాటిందన్నమాట!

నెలకి రెండు రూపాయల అద్దె

సముద్రాల ఇల్లు చిన్నది. అందులో తానూ ఉంటే వాళ్లకి ఇరుకు. ఆ సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, రాత్రి పడకలు వేసుకునేటప్పుడే అర్థమైపోతుంది. సిటీలో చుట్టాలింట్లోనో, ఫ్రెండ్ రూమ్‌లోనో "ఓ వారం" అని దిగినవాళ్లందరికీ అనుభవమే ఇది.

ఘంటసాల ఎవరికీ భారం కాకూడదనుకున్నారు. టీనగర్‌లోని పానగల్ పార్కు వాచ్‌మన్‌తో మాట్లాడుకున్నారు. నెలకి రెండు రూపాయలిస్తే రాత్రిపూట అక్కడ పడుకోవచ్చు. పగలు అవకాశాల కోసం తిరగడం, రాత్రికి పార్కుకి చేరడం.

ఆ పార్కు ఇప్పటికీ ఉంది. చుట్టూ పట్టుచీరల షాపులు, ఎప్పుడూ జనం. ఒక చిన్న విశేషం... పార్కు పేరు 1921 నుంచి 1926 దాకా మద్రాస్ ప్రెసిడెన్సీ మొదటి మంత్రిగా పనిచేసిన పానగల్ రాజా రామరాయనింగారిది. టీనగర్ పేరు త్యాగరాయ శెట్టిది. ఇద్దరూ తెలుగువాళ్లే. వీధులకీ పార్కులకీ మనవాళ్ల పేర్లున్న ఊళ్లో, మన కుర్రాడికి పడుకోవడానికి నాలుగు గోడలు దొరకలేదు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆయన మకాం మార్చారు గానీ, సముద్రాలకి దూరం కాలేదు. సాయం చేసే మనిషి ఒక్కడే ఉన్నప్పుడు, ఆ ఒక్కడికీ విసుగు రాకుండా చూసుకోవడం కూడా తెలివే. ఆ తెలివి ఖరీదు నెలకి రెండు రూపాయలు.

సరిగ్గా పుట్టని ఉద్యోగం

ఛాన్స్ ఎందుకంత కష్టమైంది? గొంతు బాగోలేక కాదు.

ఆ రోజుల్లో హీరో హీరోయిన్లు ఎవరి పాటలు వాళ్లే పాడుకునేవాళ్లు. నాగయ్య నటుడూ గాయకుడూ. భానుమతీ అంతే. తెర వెనక ఇంకొకరు పాడటం, దానికి తెర మీద పెదవులు కదపడం తెలుగులో అప్పుడప్పుడే మొదలవుతోంది. తొలి తెలుగు నేపథ్య గాయకుడిగా చెప్పుకునే ఎం.ఎస్.రామారావు 'తహసీల్దార్'కి పాడింది కూడా ఆ 1944లోనే. అంటే ప్లేబ్యాక్ సింగర్ అనే ఉద్యోగం ఇంకా సరిగ్గా పుట్టనే లేదు. మనవాడు దానికోసం ఊరొదిలి వచ్చేశాడు.

దానికి తోడు రెండో ప్రపంచ యుద్ధం. ముడి ఫిలిం కొరత. సినిమా 11 వేల అడుగులు దాటకూడదని సర్కారు నిబంధన. ఏడాదికి వచ్చే తెలుగు సినిమాలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇన్ని తక్కువ సినిమాల్లో కొత్తవాడికి చోటెక్కడిది?

అదే ఏడాది మద్రాసులో ఇంకో కుర్రాడు దిగాడు. అక్కినేని నాగేశ్వరరావు. విజయవాడ రైల్వేస్టేషన్‌లో దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య (ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు) కంట్లో పడి, 'శ్రీ సీతారామ జననం'లో రాముడి వేషం కోసం వచ్చాడు. ఒకే ఏడాది, ఒకే ఊరు. ఒకడి చేతిలో ఏకంగా వేషం, ఇంకొకడి చేతిలో ఒక్క అడ్రస్. పక్కవాడి స్టోరీలు, స్టేటస్‌లు చూసి నిద్ర పాడుచేసుకునే మనకి ఇది గుర్తుండాల్సిన సంగతి. ఇద్దరూ చేరాల్సిన చోటికి చేరారు. వెళ్లిన దారులే వేరు.

దారి చూపించిన రేడియో

సినిమా తలుపు తెరుచుకోలేదు. సముద్రాల ఇంకో తలుపు చూపించారు. ఆకాశవాణి మద్రాసు కేంద్రం.

విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబర్‌లో గానీ రాలేదు. అప్పటిదాకా కోస్తాలో తెలుగు కార్యక్రమాలు వినాలంటే మద్రాసు స్టేషనే దిక్కు. పైగా అప్పటి రేడియో ప్రోగ్రాములు ఎక్కువగా లైవ్. తప్పు పోతే ఇంకో టేక్ అడిగే వీల్లేదు, ఆటో-ట్యూన్ అసలే లేదు. అలాంటి చోట పాడటమంటే డబ్బుకి డబ్బు, ప్రాక్టీసుకి ప్రాక్టీసు. పార్కులో పడుకునే మనిషి పాట ఎక్కడెక్కడి ఇళ్లలోనో మోగింది. విన్నవాళ్లు మెచ్చుకున్నారు.

దాంతోపాటు సినిమాల్లో బృందగానాలు పాడారు, చిన్న చిన్న వేషాలు కూడా వేశారు. గాయకుడిగా వచ్చినవాడు గుంపులో పాడటమేంటి, వేషాలేయడమేంటి అని అనుకోలేదు. స్టూడియో గేటు లోపల ఉంటేనే కదా ఎవరి కంట్లోనైనా పడేది!

చివరికి బి.ఎన్.రెడ్డి నుంచే పిలుపొచ్చింది. 'స్వర్గసీమ'లో భానుమతితో కలిసి పాడాలి. ఆమె అప్పటికే స్టార్. కుర్రాడికి భయం పట్టుకుంది. భానుమతి, నాగయ్య ధైర్యం చెప్పి పాడించారు. పారితోషికం 116 రూపాయలు.

ఒక్కసారి లెక్కేయండి. నెలకి రెండు రూపాయల చొప్పున ఆ ఒక్క పాట డబ్బుతో పార్కు అద్దె 58 నెలలు కట్టొచ్చు. దాదాపు ఐదేళ్లు!

బ్రేక్ తర్వాత కూడా...

'స్వర్గసీమ' 1945లో వచ్చింది. సినిమాలో అయితే ఇక్కడ ఒక పాట పెట్టి, పాట అయ్యేలోపు హీరోని కారు దింపేస్తారు. అసలు జీవితంలో అలా జరగలేదు. 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947) రోజుల్లోనూ ఆయన చిన్న వేషాల్లో కనిపిస్తూనే ఉన్నారు. 1948లో 'బాలరాజు', 1949లో 'కీలుగుర్రం', 'మనదేశం'. అప్పటికి గానీ సంగీత దర్శకుడిగా నిలదొక్కుకోలేదు. ఊరూవాడా మోగిపోయిన 'పాతాళభైరవి' వచ్చింది 1951లో. అంటే మద్రాసులో అడుగుపెట్టిన ఏడేళ్లకి.

మనం రీల్‌లో చూసే కథలో ఈ ఏడేళ్లు ఉండవు. ముప్ఫై సెకన్లలో పార్కు, ఆ వెంటనే పద్మశ్రీ.

మనం వదిలేసే సగం

అసలు విషయం ఇదీ. పార్కులో పడుకోవడం వల్ల ఘంటసాల గొప్ప గాయకుడు కాలేదు. పార్కుకి చేరే సరికే ఆయన గాయకుడు.

తండ్రి చిన్నప్పుడే పోయారు. కొడుకు పెద్ద సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. ఆ మాట పట్టుకుని, వేలి ఉంగరం 8 రూపాయలకి అమ్మి విజయనగరం వెళ్లాడు పిల్లవాడు. తీరా చూస్తే సంగీత కళాశాలకి సెలవులు. అక్కడ పడ్డ పాట్లు మద్రాసు పాట్లకన్నా తక్కువేం కాదు. జోలె పట్టి ఇంటింటికీ తిరిగి మధుకరం అడుక్కుని తిన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. అక్కడ సంగీతం చదువు పూర్తి చేశాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి, బళ్లారి దగ్గర అలీపురం జైల్లో ఏడాదిన్నర ఉన్నాడు. ఇవన్నీ అయ్యాకే మద్రాసు.

కాబట్టి ఆయన చేతిలో ఒక్క అడ్రస్ ఉందన్నమాట నిజమే గానీ, గొంతులో ఏళ్ల సాధన ఉంది. ఛాన్స్ వచ్చిన రోజు భయపడ్డారు, కానీ పాట తప్పలేదు.

పార్కుల్లో, ప్లాట్‌ఫారాల మీద పడుకుని, ఏమీ కాక ఊరికి తిరిగెళ్లిపోయినవాళ్ల పేర్లు మనకి తెలీవు. వాళ్లు పడ్డ కష్టం తక్కువేం కాదు. కష్టపడ్డాం కాబట్టి సక్సెస్ వచ్చి తీరాలన్న రూలు సిటీలో లేదు. ఆకలిని క్వాలిఫికేషన్ అనుకోవడమే మనం చేసే పెద్ద పొరపాటు.

మరి మన మొదటి నెలలు?

ఆ కథ నుంచి కృష్ణానగర్ గదికి పట్టుకెళ్లాల్సినవి నాలుగున్నాయి.

ఒకటి, వచ్చేముందే విద్య. నటన అయినా, పాట అయినా, డాన్స్ అయినా. సిటీకి వెళ్లాక నేర్చుకుందాం అంటే, అద్దె కట్టే తిప్పల్లో నేర్చుకోవడానికి టైమ్ మిగలదు. ఊళ్లో ఉండగానే నాటకం వేయండి, కచేరీ చేయండి, షార్ట్ ఫిల్మ్ తీయండి. అక్కడ తప్పులు చేస్తే ఖర్చు తక్కువ.

రెండు, నిజమైన మనిషి ఒక్కడు. వంద మంది నంబర్లు అక్కర్లేదు. మీ పని చూసి, ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లే ఒక్కడు చాలు. సముద్రాల తీసుకెళ్లి పాడించారు. ఆడిషన్‌కి ఫీజు కట్టు, వేషం కావాలంటే ముందు డబ్బు పంపు, రాత్రికి ఒంటరిగా రా అనేవాళ్లు ఆ మనిషి కాదు. అక్కడి నుంచి అటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

మూడు, మన పనికి దగ్గరగా ఉండే చిన్న సంపాదన. ఆయనకి రేడియో దొరికింది. మీకు డబ్బింగ్ కావచ్చు, పెళ్లిళ్లలో పాట కావచ్చు, పిల్లలకి డాన్స్ క్లాసులు కావచ్చు. అద్దె కట్టే పనే మీ విద్యకి రోజూ పదును పెడితే అంతకన్నా అదృష్టం లేదు. అలాంటిది దొరక్క ఫుడ్ డెలివరీ చేసినా, బట్టల షాపులో నిలబడినా నామోషీ ఏమీ లేదు. సాధనకి రోజూ ఓ గంట మాత్రం మిగుల్చుకోండి.

నాలుగు, అప్పుడప్పుడు లెక్క చూసుకోవడం. ఆరు నెలల కిందటికన్నా ఇవాళ నా పని మెరుగైందా? నన్ను మళ్లీ పిలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రెండింటికీ జవాబు లేదనే అయితే, ఊరెళ్లి కొన్నాళ్లు నేర్చుకుని రావడం ఓటమి కాదు. రైలు రెండు వైపులా నడుస్తుంది.

ఈ రాత్రి ఫోన్

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మద్రాసులోనే కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత ఇవాళ్టికీ మన ఊళ్లలో వినపడుతూనే ఉంటుంది. రెండు రూపాయలిచ్చి పార్కులో పడుకున్న ఊరే చివరికి ఆయన సొంతూరైపోయింది. దానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

మీకెంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఈ రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా" అంటే ఒక్కసారి నిజం చెప్పి చూడండి. "ఇవాళ కాస్త లేటైందమ్మా. ఇప్పుడే వండుకుంటున్నాం. రేపు పొద్దున డబ్బింగ్ ఉంది."

అవతల కాసేపు మాట వినపడదు. తర్వాత "ఏం కూర నాన్నా?" అంటుంది. ఆ రాత్రి ఇద్దరికీ కాస్త నిద్రపడుతుంది.