ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

ఇల్లు కొందామనో, బండి మార్చుదామనో, పిల్లల్ని కోచింగ్‌లో చేర్పిద్దామనో ఎక్కడో ఒకచోట మన ఫోన్ నంబరు ఇస్తాం. ఆ క్షణం నుంచి అవతలి కంపెనీ కంప్యూటర్లో మనమొక ‘లీడ్’. కుప్పలుగా వచ్చిపడే ఈ లీడ్లలో ముందు ఎవరిని పలకరించాలో తెలుసుకోవడమే అమ్మకాల్లో అసలు విద్య. ఆ విద్య గురించీ, దానికి ఆసరాగా నిలిచే సీఆర్ఎం (కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్) సాఫ్ట్‌వేర్ గురించీ కొన్ని విశేషాలు.

తిరిగే చక్రం చెప్పలేనిది

కంప్యూటర్లు రాకముందు ఖాతాదారుల వివరాలు అట్టముక్కల మీద ఉండేవి. అమెరికాలో ఆర్నాల్డ్ న్యూస్టాటర్ 1950ల్లో తెచ్చిన రోలోడెక్స్ అలాంటిదే. చక్రానికి తగిలించిన కార్డులు అక్షరక్రమంలో ఉంటాయి. తిప్పితే పేరు చటుక్కున దొరుకుతుంది. అయితే ఈ రోజు ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం అది చెప్పలేదు. 1987లో పాట్ సలివన్, మైక్ మహ్నీ ‘యాక్ట్’ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. పేరు పక్కనే ఎప్పుడు మాట్లాడాం, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి అన్నవి కూడా చేరడంతో ఈ రంగానికి దారి పడింది.

ఇద్దరూ ఒరాకిల్ వాళ్లే!

సీఆర్ఎం రంగంలో 1993లో సీబెల్ సిస్టమ్స్ పెట్టిన టామ్ సీబెల్, 1999లో సహచరులతో కలిసి సేల్స్‌ఫోర్స్ పెట్టిన మార్క్ బెనియాఫ్... ఇద్దరూ అంతకుముందు ఒరాకిల్‌లో పనిచేసినవాళ్లే. సీబెల్ సంస్థను ఆ తర్వాత ఒరాకిలే దాదాపు 580 కోట్ల డాలర్లకు కొనేసింది. సేల్స్‌ఫోర్స్ మొదలైంది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో. 2004 నుంచీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఆ కంపెనీ గుర్తు ‘సీఆర్ఎం’ అనే మూడక్షరాలే. ఇప్పుడు దానికి హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది.

చెన్నై నుంచి ప్రపంచానికి

శ్రీధర్ వెంబు సారథ్యంలోని అడ్వెంట్‌నెట్ 2005లో జోహో సీఆర్ఎంను విడుదల చేసింది. 2009లో కంపెనీ పేరే జోహోగా మారిపోయింది. చిన్న వ్యాపారులకు అందుబాటు ధరలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ దొరకడానికి ఈ కంపెనీ చేసిన కృషి తక్కువది కాదు.

మార్కులు ఎలా పడతాయి?

లీడ్లకు సాఫ్ట్‌వేర్ వేసే మార్కులను ‘లీడ్ స్కోర్’ అంటారు. ఇందులో రెండు లెక్కలుంటాయి. మనిషి ఎవరన్నది ఒకటి, ఏం చేశాడన్నది రెండోది. ఫ్లాట్లు అమ్మే సంస్థ ఒకటి ఇలా పెట్టుకుందనుకుందాం: బడ్జెట్ కుదిరితే 20, ధరల పట్టిక డౌన్‌లోడ్ చేసుకుంటే 10, సైట్ విజిట్‌కు తేదీ అడిగితే 30. నెల రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే 15 కోత. బడ్జెట్ కుదిరి, ఈ ఆదివారం సైట్ చూస్తానన్న వ్యక్తికి 50 వస్తాయి. బడ్జెట్ ఉండీ, ధరలు చూసి నెలగా పలకని వ్యక్తికి మిగిలేది 15. సోమవారం పొద్దున మొదటి ఫోన్ ఎవరికో ఇక చెప్పక్కర్లేదు. అయితే ఈ మార్కులు పెట్టింది మనుషులే. నిజంగా కొన్నవాళ్లకు ఎన్ని మార్కులు పడ్డాయో అప్పుడప్పుడూ సరిచూసుకోకపోతే లెక్క దారితప్పుతుంది.

నాలుగు ప్రశ్నల సూత్రం

ఐబీఎం నుంచి వ్యాప్తిలోకి వచ్చిన ‘బ్యాంట్’ పద్ధతి ప్రతి లీడ్ గురించీ నాలుగు విషయాలు అడుగుతుంది: డబ్బుందా? నిర్ణయం ఎవరిది? అవసరమేమిటి? ఎప్పటికి కావాలి? మన ఇళ్లలో రెండో ప్రశ్నే గట్టిది. ఫోన్ నంబరు డల్లాస్‌లో ఉన్న అబ్బాయిది, సైటు చూసేది గుంటూరు నుంచి వచ్చిన నాన్న, చివరికి ‘సరే’ అనాల్సింది అమ్మ. సీఆర్ఎంలోని నోట్స్ గడిలో ఈ ఒక్క ముక్క రాసిపెట్టుకున్న సేల్స్‌మన్ సగం పని ముగించినట్టే.

గంట దాటితే...

ఇంటర్నెట్ ద్వారా వచ్చే ఎంక్వైరీలకు ఎంత త్వరగా స్పందిస్తున్నారని 2,241 అమెరికన్ కంపెనీలను పరిశీలించిన ఫలితాలు 2011 మార్చి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చాయి. గంటలోపు స్పందించినవి 37 శాతమే. 23 శాతం అసలు పలకనే లేదు. అదే వ్యాసంలోని మరో అధ్యయనం ప్రకారం, గంటలోపు ప్రయత్నించిన కంపెనీలకు కొనుగోలు విషయం తేల్చగల మనిషితో మాట్లాడే అవకాశం, ఆ తర్వాత గంటలో ప్రయత్నించిన వాటికన్నా దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఒక రోజు దాటించిన వాటితో పోలిస్తే 60 రెట్లకు పైనే.

ఒకే మనిషి, మూడు లీడ్లు

వెంకటేశ్వర్లు గారు ఫేస్‌బుక్ ప్రకటన నొక్కారు, ప్రాపర్టీ పోర్టల్‌లో వివరాలు నింపారు, హోర్డింగ్ చూసి మిస్డ్ కాల్ ఇచ్చారు. లిస్టులో ముగ్గురయ్యారు, గంటలో ముగ్గురు ఫోన్ చేశారు. ఆయనకు విసుగు రాదా? మన పేర్లను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, ఇంటిపేరు ఒకరు ముందు పెడితే మరొకరు వెనక పెడతారు. అందుకే పేరును నమ్ముకోకుండా ఫోన్ నంబరు, ఈమెయిల్ ఆధారంగా జంట రికార్డులను కలిపేస్తారు. +91 ఉన్న నంబరూ, ముందు సున్నా ఉన్న నంబరూ ఒకటేనని సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పి ఉంచాలి.

లీడ్ల కోసం దొంగతనం

డేవిడ్ మామెట్ రాసిన ‘గ్లెన్‌గ్యారీ గ్లెన్ రాస్’ నాటకం కథంతా లీడ్ల చుట్టూనే తిరుగుతుంది. మంచి లీడ్లు దక్కని స్థలాల అమ్మకందార్ల గొడవలు చివరికి ఆఫీసులో దొంగతనం దాకా వెళ్తాయి. 1984లో పులిట్జర్ బహుమతి పొందిన ఈ నాటకం 1992లో సినిమాగా వచ్చింది.

‘ఆర్ఎన్ఆర్’ వేరు, ‘వద్దు’ వేరు

ఫోన్ మోగినా ఎత్తకపోతే మన కాల్‌సెంటర్లలో ‘ఆర్ఎన్ఆర్’ అని రాస్తారు. అలాంటివాళ్లకు వేరే వేళలో మళ్లీ చేయొచ్చు. వద్దని చెప్పినవాళ్ల సంగతి అది కాదు. ప్రచార కాల్స్ ఇష్టంలేనివారు 1909కు ఫోన్ చేసి లేదా ఎస్ఎంఎస్ పంపి డీఎన్‌డీ (డూ నాట్ డిస్టర్బ్) జాబితాలో చేరే వీలును టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కల్పించింది.

లీడ్లు చూసే ఉద్యోగంలో ఉన్నవారికి ఒక్క మనవి. రేపు ఉదయం కొత్త లిస్టు తెరిచేముందు పాతది సర్దండి. అడిగి ఎదురుచూస్తున్నవారికి మొదట ఫోన్ చేయండి, జంట పేర్లు కలిపేయండి, వద్దన్నవారిని వదిలేయండి. లిస్టులోని ప్రతి వరుసా ఒక మనిషే. ఆ మనిషి సమయాన్ని గౌరవించిన చోటే అమ్మకం కుదురుతుంది.