కొరియాలిపిలో 'తప్' అను నక్షరము

చీనాలిపిలో పొలమునకు నాలుగు గళ్ళుగల చదరము గుర్తు. కొరియావారు దీనిని 'చొన్' అని చదువుదురు. దానిపై జలార్థకమగు 'సు' అను నక్షరము నుంచిన 'తప్' అగును. మాగాణి యని యర్థము. ఇది కొరియాలోనే కల్పితము. సిల్లారాజగు చిన్‌హుంగ్ కాలమున, 561వ సంవత్సరమున, ఛాంగ్‌న్యొంగ్‌నందు నిలిపిన శాసనమున నిది కానవచ్చుచున్నది. నిలువుగా వ్రాయునపుడు జలక్షేత్రపదములు రెండును ఒకదానిక్రింద నొకటి చేరి యేకాక్షరమైనవని పండితుల యూహ. ఉచ్చారణము మాత్రము ఈ రెంటిలో దేనినుండియు రాలేదు.

క్రొత్త యక్షరము పుట్టుటచే పాతదాని యర్థము సంకుచితమైనది. చీనాలో పొలమాత్రమును దెలుపు చదరము కొరియాలో మెట్టకే పరిమితమయ్యెను. జపానున నిందుకు విపర్యయము: అచట చదరమే మాగాణి, మెట్టకై దాని ప్రక్కన అగ్న్యర్థకమగు నక్షరమును జేర్చి వేఱొక గుర్తు కల్పించిరి.

'చొన్‌దప్' అనగా మెట్టయు మాగాణియు. సమాసమున తకారము సరళమగును. 'ఛొన్‌సుదప్' అనగా ఆకాశజలపు మడి, వానకే యెదురుచూచునది.

కావున కొరియాదేశపు పాత భూవిక్రయపత్రములను చీనానిఘంటువుతో చదువువారు మెట్ట యెద్దియో యెఱుగక పొరపడుదురు. రూపము పరదేశపుదైనను అర్థమునకు స్వదేశప్రయోగమే ప్రమాణము.