గేటు దీపంలోకి నీళ్లెలా వస్తాయి?

నాలుగు వానలు పడ్డాక ఏ కాలనీలో నడిచినా ఇది కనిపిస్తుంది. గేటు స్తంభం మీద గుండ్రటి గాజు బుడ్డి, అందులో అంగుళం మేర నీళ్లు, ఆ నీళ్లలో తేలుతున్న ఉసిళ్లు, వాటిపైన ఇంకా వెలుగుతూనే ఉన్న బల్బు. ఇంటాయన ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి "సీలు సరిగ్గా వెయ్యలేదయ్యా" అంటాడు. అతనొచ్చి చుట్టూ సిలికాన్ పూసి, అడుగున కన్నం ఏదైనా కనబడితే అందులో ఎంసీల్ కూరి వెళ్తాడు. మళ్లీ వానకి నీళ్లు ఇంకాస్త ఎక్కువే చేరతాయి.

ఎండకి లోహపు దీపం 60 డిగ్రీల దాకా కాగిందనుకోండి. లోపలి గాలి వ్యాకోచించి, దొరికిన సందులోంచి కొంత బయటికి పోతుంది. సాయంత్రం జల్లు పడి దీపం గబగబా 30 డిగ్రీలకు చల్లారితే, లోపల మిగిలిన గాలి పీడనం దాదాపు 9 శాతం పడిపోతుంది. అంతే కదా అనిపిస్తుంది గానీ, నీటి లెక్కలో అది సుమారు 90 సెంటీమీటర్ల లోతు. అంటే ఆ దీపాన్ని నడుములోతు నీళ్లలో ముంచితే రబ్బరు వాషరు మీద ఎంత ఒత్తిడి పడుతుందో, వానలో గోడ మీదున్నప్పుడూ అంతే పడుతుంది. వేడి కూర పెట్టి మూత బిగించిన స్టీలు డబ్బా చల్లారాక మూత రాకుండా మొరాయించేది ఈ కారణంగానే. దీపం విషయంలో ఆ సందు చుట్టూ ఉన్నది గాలి కాదు, వాననీరు. లోపలికి పీల్చుకునేది దాన్నే.

డబ్బా మీద ఐపీ 65 అని ఉంటే సరిపోదా అని అడుగుతారు. ఐపీ పక్కనున్న మొదటి అంకె దుమ్ము గురించి, రెండోది నీటి గురించి. 44 అయితే తుంపరలకు ఆగుతుంది, 65 అయితే గొట్టంతో కొట్టిన ధారకు ఆగుతుంది, 67 అయితే మీటరు లోతులో అరగంట ముంచినా ఆగుతుంది. కొనేటప్పుడు ఈ అంకె చూడాల్సిందే. కాకపోతే ఆ అంకె ఇవ్వడానికి చేసే పరీక్ష కొత్త దీపానికి, కాసేపట్లో ముగిసిపోతుంది. మన గోడ మీద వాషరు ఏళ్ల తరబడి ఎండకు బిరుసెక్కుతుంది. చీమలు పుట్ట పెడతాయి, బల్లి కాపురముంటుంది. అందుకే నా లెక్కలో బయటి దీపానికి సీలు కన్నా నీరు పోయే దారి ముఖ్యం. మామూలు బుడ్డీ దీపాలకు తయారీదారులు అడుగున పెట్టే చిన్న రంధ్రం అందుకే, దాన్ని మూయకూడదు. సిలికాన్ పూస్తే పైనా పక్కలా పూయాలి, అడుగు వదిలేయాలి. పూర్తిగా మూసి ఉండే రకమైతే గాలిని పోనిచ్చి నీటిబొట్టును ఆపే పొర అమర్చినవి దొరుకుతాయి. కాస్త ఖరీదైనా అవే నయం. వాటికి మనమే డ్రిల్లుతో కన్నం పెట్టడం మాత్రం వద్దు.

నీటికి ఇంకో దారి వైరు. పైనుంచి దిగే వైరు నేరుగా హోల్డరులోకి వెళ్తే దాని వెంటే చుక్కలూ వెళ్తాయి. లోపలికి పోయే ముందు వైరును కిందికి వంచి, మళ్లీ పైకి తిప్పి ఎక్కిస్తే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పైసా ఖర్చు లేని పని. ఇక భూమిలో వేసిన పీవీసీ పైపు పొడిగా ఉంటుందనుకోవడం వట్టి భ్రమ. జాయింట్లకు ఎంత గమ్ము రాసినా లోపలి గాలిలోని తేమే చాలు, రాత్రి చల్లదనానికి నీరై అడుగున చేరడానికి. ఆ పైపులో గది వైరింగుకు వాడే వైరు వేసి, మధ్యలో మెలిపెట్టి నల్లటేపు చుట్టిన జాయింటు ఉంచితే, టేపు జిగురు ఊడిన రోజున రాగి తీగ నీళ్లలో ఉన్నట్టే. నేలలో వేయాల్సింది ఆర్మర్డ్ కేబుల్. భారతీయ ప్రమాణం ప్రకారం లోటెన్షన్ కేబులుకు కనీస లోతు 75 సెంటీమీటర్లు. కింద ఇసుక పరిచి, పైన ఇటుకలు పేర్చి పూడుస్తారు. మధ్యలో అతుకు ఉండకూడదు. తప్పదంటే నేలకు ఎత్తులో, చెయ్యి అందే జంక్షన్ బాక్సులో ఉండాలి.

ఇంత చేసినా నీరు ఒకనాటికి ఫేజును తాకుతుందనే అనుకోవాలి. అప్పుడేమవుతుందన్నది అసలు ప్రశ్న. తడి చేతికీ, తడి నేల మీది చెప్పుల్లేని కాలికీ మధ్య శరీర నిరోధం వెయ్యి ఓమ్‌ల దరిదాపుల్లోకి దిగొచ్చు. 230 వోల్టులకు అది 230 మిల్లీ ఆంపియర్లు. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ వాలంటీర్ల మీద పరీక్షలు చేసి, పట్టుకున్న తీగను వదలగలిగే కరెంటు మగవాళ్లకు సగటున 16, ఆడవాళ్లకు 10.5 మిల్లీ ఆంపియర్లని తేల్చాడు. అది దాటితే చెయ్యి మన మాట వినదు. గేటు స్తంభానికి కడ్డీల గేటు బిగించి ఉంటుంది. పొద్దున్నే దాన్ని పట్టుకునేది పాలబ్బాయి, పేపరబ్బాయి.

ఎంసీబీ ఉంది, ఎర్తింగు ఉంది అంటారు. లెక్క చూద్దాం. రాతి నేలలో ఒక కడ్డీ పాతితే ఎర్తు నిరోధం 100 ఓమ్‌లు ఉండొచ్చు. దీపం బాడీకి ఫేజు తగిలితే ఆ దారిన పోయేది 2.3 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక చిన్న ఇస్త్రీపెట్టె పెట్టినంత భారం కూడా కాదు, ఎంతసేపైనా మోస్తుంది. గేటు మాత్రం దాదాపు పూర్తి వోల్టేజితో నిలబడి ఉంటుంది. ఎంసీబీ కాపాడేది వైర్లను.

మనిషిని కాపాడే పరికరం ఆర్‌సీసీబీ. ఫేజు, న్యూట్రల్ రెండూ అందులో ఒకే ఇనుప వలయం గుండా పోతాయి. వెళ్లిన కరెంటంతా తిరిగొస్తే రెండింటి అయస్కాంత ప్రభావం చెల్లుకు చెల్లు. కొంత నేలలోకి జారుకుంటే తేడా మిగులుతుంది, ఆ తేడాయే మీటను పడేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకం ఆ స్థాయిలో 0.3 సెకన్లలోపు, పావు ఆంపియరు లీకైతే 40 మిల్లీసెకన్లలోపు తెగాలి. పై లెక్కలోని 2.3 ఆంపియర్లకు క్షణం ఆగదు. డాల్జీల్ 1961లో అమెరికా ఇళ్ల కోసం రూపొందించిన రకం ఇంకా సున్నితం, అక్కడ 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెగుతుంది.

మన దగ్గర చిక్కు ఎక్కడంటే, ఇల్లంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ పెడతారు. రాత్రి వానకి గేటు దీపం లీకై ఇల్లంతా చీకటవుతుంది, ఫ్రిజ్ ఆగుతుంది. మర్నాడు వచ్చినవాడు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తాడు, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఇది నాకు చాలా కోపం తెప్పించే పని. బయటి దీపాలకు, తోట మోటారుకు విడిగా ఒక ఆర్‌సీసీబీ, వాటికే సొంత న్యూట్రల్ ఉంటే ఈ గొడవే రాదు. న్యూట్రల్‌ను పక్క సర్క్యూట్ నుంచి లాగితే తప్పు లేకున్నా ట్రిప్ అవుతూనే ఉంటుంది. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి.

స్విచ్ ఆపాక కూడా గేటు ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటుంటే తీసిపారేయకండి. స్విచ్ ఫేజులో కాక న్యూట్రల్‌లో పడి ఉండొచ్చు. అదే అయితే దీపం ఆరినా హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. బల్బు మార్చబోయే ముందు మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి.

కొత్తగా కట్టుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది, 12 వోల్టుల ఎల్ఈడీలు. మొత్తం 20 వాట్ల దీపాలను 20 మీటర్ల దూరంలో, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో వెలిగిస్తే పోయేది 0.8 వోల్టే, వెలుగులో తేడా పెద్దగా తెలియదు. 230 వోల్టులను 12కి దించే పెట్టెను డ్రైవరు అంటారు, మెయిన్స్ నుంచి పూర్తిగా విడదీసే రకమే అడిగి కొనండి. దాన్ని ఇంటి లోపలే పెట్టించండి. స్తంభం గూట్లో పెడితే 230 వోల్టుల్ని మళ్లీ వానలోకి తెచ్చుకున్నట్టే.