ఎండ మనది, మరి వెలుగు?

పాత కర్నూలు జిల్లా గని, శకునాల పొలాల్లో 2017లోనే 1000 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. ఆ కరెంటంతా గ్రిడ్డులోకి పోతాది. మనింటి బిల్లు తగ్గల్లంటే మనింట్లోనే మొదలుపెట్టల్ల.

ముందు వాడకం సూడండి. పాత ఫ్యాను 75 వాట్లు కాలుస్తాది, బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30. దినానికి 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగుల్తాయి. ఆ తర్వాతే ప్యానెళ్లు. తక్కువ వాడే ఇంటికి చిన్న సెట్టే చాలు. పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60 వేలు సబ్సిడీ వస్తాది. కానీ అది బిగించినాకే పడేది, ముందు డబ్బు మనమే కట్టల్ల.

మట్టిమిద్దె, రేకులిల్లు, బాడిగిల్లు ఉండేటోళ్లకు ఇది అంత సులువు కాదు. అందుకే ఊరి స్థలంలో ఉమ్మడి ప్యానెళ్లు పెట్టమని గ్రామసభలో అడగల్ల. అడిగేది మన వయసోళ్లే.