పట్టించుకోని చోటు పట్టుకోవాలంటే

ఊళ్ళో ఆసుపత్రి ఉంటుంది. వరండాలో ఒక మూల టీ మిషను ఉంటుంది. దాని మీద "పనిచేయదు" అని కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం కూడా మాసిపోయి, అంచులు చిరిగి ఉంటుంది. బిడ్డ పక్కన రాత్రంతా కూర్చున్న తల్లి టీ కోసం లేచి వస్తుంది. కాగితం చూస్తుంది. తిరిగి వెళ్ళిపోతుంది. అర్ధరాత్రి గేటు దాటి బజారుకు పోవాలంటే ఆడమనిషికి భయమే కదా.

ఇలాంటి చోట్లు చాలా ఉంటాయి. ఆసుపత్రిలో ఉంటాయి. మిల్లు గేటు దగ్గర ఉంటాయి. కాలేజీలో ఉంటాయి. ఎవరో ఒక వ్యాపారి మిషను పెడతాడు. కొన్నాళ్ళు బాగానే చూసుకుంటాడు. తర్వాత రావడం తగ్గిస్తాడు. పొడి అయిపోతే నింపడు. చెడిపోతే బాగు చేయించడు. మిషను మాత్రం అక్కడే ఉంటుంది. తాను పనిచేయదు, ఇంకొకరికి చోటు ఇవ్వదు.

అలాంటి చోటును ఒక మహిళా సంఘం తీసుకుని నడపవచ్చు. తొందరపడితే మాత్రం పొదుపు డబ్బు పోతుంది. పద్ధతిగా వెళ్తే నాలుగు రూపాయలు మిగులుతాయి. పదిమందికి మేలు కూడా జరుగుతుంది. ఆ పద్ధతి ఏమిటో చూద్దాం.

మిషను ఎలా పనిచేస్తుంది?

మనిషి లేకుండా సరుకు ఇచ్చే మిషను కొత్త సంగతి కాదు. సుమారు 2000 ఏళ్ళ కిందట అలెగ్జాండ్రియా పట్టణంలో హీరో అనే పండితుడు ఉండేవాడు. ఆయన అలాంటి ఒక యంత్రం గురించి రాశాడు. అందులో నాణెం వేస్తే కొంచెం పవిత్ర జలం వచ్చేది. నాణెం బరువుకు లోపలి మీట వంగేది. నీటి దారి తెరుచుకునేది. నాణెం జారిపోగానే దారి మూసుకునేది.

అంత దూరం ఎందుకు? రైల్వే స్టేషన్లలో బరువు చూసే మిషను చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎక్కి నిలబడి బిళ్ళ వేస్తే, బరువు అచ్చువేసిన చిన్న అట్టముక్క బయటికి వచ్చేది.

టీ మిషను లోపల రెండు మూడు డబ్బాలు ఉంటాయి. ఒక డబ్బాలో టీ పొడి, పాలపొడి, చక్కెర కలిపిన పొడి ఉంటుంది. ఇంకో డబ్బాలో కాఫీ పొడి ఉంటుంది. పక్కన నీళ్ళ క్యాను ఉంటుంది. ఆ నీళ్ళు లోపలి బాయిలరులో కాగుతాయి. మీట నొక్కగానే డబ్బా అడుగున ఉన్న మర తిరుగుతుంది. కొలత ప్రకారం పొడి పడుతుంది. దాని మీద వేడినీళ్ళు పడతాయి. కవ్వం లాంటి చిన్న చక్రం గిలకొడుతుంది. కప్పులోకి నురగతో టీ వస్తుంది.

ఇందులో అర్థం కానిదేమీ లేదు. కానీ నీళ్ళు, పొడి, కప్పులు, శుభ్రం - ఈ నాలుగూ రోజూ చూడాలి. ఒక్కటి తప్పినా మిషను ఆగుతుంది. పేరుకు మనిషి లేని మిషనే. వెనక మనిషి లేకపోతే అది నడవదు. పాత వ్యాపారి దెబ్బతినేది సాధారణంగా ఇక్కడే.

తప్పు మనిషిదా, చోటుదా?

మిషను ఆగిపోయిన చోటల్లా మంచి చోటు అనుకోకూడదు. ఆగడానికి రెండు రకాల కారణాలు ఉంటాయి.

ఒకటి, మనిషి కారణం. తాగేవాళ్ళు ఉన్నారు, వ్యాపారి రావడం లేదు. ఇలాంటి చోటు పనికొస్తుంది.

రెండు, చోటు కారణం. జనం తక్కువ. లేదా బయట పక్కనే మంచి టీ కొట్టు ఉంది. లేదా కరెంటు మాటిమాటికీ పోతుంది. ఇలాంటి చోట ఎవరు పెట్టినా నష్టమే. పాత వ్యాపారి అందుకే రావడం మానేశాడేమో కూడా ఆలోచించాలి.

ఏది నిజమో తెలియాలంటే అక్కడ కూర్చుని లెక్కపెట్టాలి. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రి ఒకరు కూర్చోవాలి. ఎంతమంది వచ్చిపోతున్నారు? ఎంతమంది మిషను దగ్గరికి వచ్చి వెనక్కి పోతున్నారు? ఎంతమంది బయట నుంచి టీ తెచ్చుకుంటున్నారు? కాగితం మీద గీతలు గీసుకోవాలి. ఒక్కరోజు చాలదు. వారం రోజులు చూడాలి. సంత రోజు ఒకలా ఉంటుంది, ఆదివారం ఒకలా ఉంటుంది.

లెక్క వేసుకోవాలి

కింద ఒక లెక్క ఉంది. ఇది మచ్చుకు మాత్రమే. సంఘం తమ ఊరి ధరలు కనుక్కుని ఈ అంకెల బదులు వేసుకోవాలి.

కిలో పొడి ధర 315 రూపాయలు అనుకుందాం. కప్పుకు 14 గ్రాములు పడితే, కిలోకు సుమారు 70 కప్పులు వస్తాయి. అంటే కప్పు టీకి పొడి ఖర్చు 4 రూపాయల 50 పైసలు. కాగితం కప్పుకు 50 పైసలు. మొత్తం 5 రూపాయలు. టీ 10 రూపాయలకు అమ్మితే కప్పుకు 5 రూపాయలు మిగులుతుంది.

ఇది లాభం కాదు. నెల ఖర్చులు ఇందులోంచే పోవాలి.

చోటు అద్దె 1,500
మిషను అద్దె 1,500
కరెంటు 1,000
నీళ్ళు 600
మరమ్మతు కోసం పక్కన పెట్టేది 400
చూసుకునే ఇద్దరికి కూలి 5,000
మొత్తం 10,000 రూపాయలు

10,000 రూపాయలు రావాలంటే నెలకు 2,000 కప్పులు అమ్మాలి. రోజుకు 67 కప్పులు. అంతకు తగ్గితే నష్టం. రోజుకు 50 కప్పులే పోతే నెలకు 2,500 రూపాయలు చేతి నుంచి పడుతుంది. రోజుకు 100 కప్పులు పోతే 5,000 రూపాయలు లాభం. అప్పు తెచ్చి మొదలుపెడితే వడ్డీ కూడా ఖర్చులో రాయాలి.

ఇందులో కూలి రాయడం మరిచిపోకూడదు. "మనవాళ్ళే కదా, ఊరికే చేస్తారు" అనుకుంటారు. ఊరికే చేసే పని ఎన్నాళ్ళో సాగదు. నెల తిరిగేసరికి రావడం తగ్గుతుంది. అప్పుడు ఈ మిషను మీద కూడా కాగితం అంటించాల్సి వస్తుంది.

చోటు ఒకరిది, మిషను ఒకరిది

సంఘం సమావేశంలో ఇలాంటి మాట రావచ్చు.

"ఆయన నెల నుంచి రావట్లేదు గదా అక్కా. తలుపు తీసి మనమే పొడి పోద్దాం."

"వద్దు చెల్లీ. చోటు పాడుబెట్టింది ఆయనే, నిజమే. అయినా మిషను ఆయనదే. మనం ముట్టుకుంటే తప్పు మన మీదికొస్తుంది."

అక్క చెప్పిందే సరైన మాట. చోటు ఆసుపత్రి యజమానిది. మిషను పాత వ్యాపారిది. ఇద్దరి మధ్య ఒప్పందం ఉండవచ్చు. దాని గడువు ఇంకా మిగిలి ఉండవచ్చు. పాత మిషనును తెరవడం, జరపడం, తీగ పీకడం సంఘం చేయకూడదు. ఆ పని చేయించే హక్కు చోటు యజమానికే ఉంది. ఆయన పాత వ్యాపారికి కాగితం మీద రాసి పంపాలి. ఫలానా తేదీలోగా బాగు చేయాలి, లేకపోతే తీసుకుపోవాలి అని చెప్పాలి. ఆ తేదీ దాటేదాకా ఆగడమే మంచిది.

చోటు అడిగేటప్పుడు పాత వ్యాపారిని తిట్టాల్సిన పని లేదు. ఆయన తప్పు యజమానికి తెలుసు. సంఘం ఏం చేస్తుందో చెబితే చాలు. "రోజూ రెండుసార్లు మా మనిషి వస్తుంది. చెడిపోతే ఎవరికి ఫోను చేయాలో మిషను మీదే రాసిపెడతాం. రాత్రిపూట కూడా టీ దొరికేలా నింపి వెళ్తాం." ఈ మూడు మాటలు కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఒక్కోసారి పాత వ్యాపారితో నేరుగా మాట్లాడడం కూడా మంచిదే. ఆయనకు ఆ చోటు దూరం కావచ్చు. ఒంట్లో బాగుండకపోవచ్చు. మిషను అమ్మేస్తాననవచ్చు. కొనేముందు మిషను బాగుచేసే మనిషికి చూపించాలి. దాని మీద అప్పు ఏమైనా ఉందా అని అడగాలి. డబ్బు ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి.

ఎవరిని అడగాలి?

"చోటు నేను ఇప్పిస్తా, ముందు కొంత డబ్బు ఇవ్వండి" అనేవాళ్ళు ఎదురవుతారు. ఇక్కడ మోసపోయే ప్రమాదం ఉంది. చోటు ఇచ్చే అధికారం ఎవరికి ఉందో ముందే తెలుసుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రిలో అయితే యజమానిని అడగాలి. ఆర్టీసీ బస్టాండులో కొట్లకు సంస్థ టెండరు పిలుస్తుంది. ప్రభుత్వ ఆఫీసులో అయితే పై అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. వాచ్‌మన్ సరే అంటే సరిపోదు. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

కాగితంలో ఏముండాలి?

చదువు నేర్చుకున్నందుకు అసలు ఉపయోగం ఇక్కడే. సంతకం పెట్టేముందు ప్రతి వాక్యం చదవాలి. తెలియని మాట ఉంటే ఆగి అడగాలి. కాగితంలో ఇవి ఉండాలి.

చోటు ఎక్కడ, ఎంత మేర? అద్దె ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి? అడ్వాన్సు ఎంత, తిరిగి ఎప్పుడు ఇస్తారు? కరెంటు డబ్బు ఎలా లెక్కపెడతారు? పక్కన ఇంకో టీ మిషను పెట్టనిస్తారా? ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని చట్టం. అందుకే చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. గడువు ఎప్పుడు తీరుతుందో సంఘం పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

మిషను అద్దెకు ఇచ్చే కంపెనీ కాగితాన్ని కూడా అలాగే చదవాలి. కొందరు తక్కువ అద్దెకు మిషను ఇస్తారు. నెలకు ఇన్ని కిలోల పొడి మా దగ్గరే కొనాలని షరతు పెడతారు. అన్ని కప్పులు అమ్ముడుపోతాయా లేదా అని ముందే చూసుకోవాలి.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. టీ అమ్మే చిన్న వ్యాపారులు కూడా దాని కింద రిజిస్టరు చేయించుకోవాలి. 14 అంకెల నంబరు ఇస్తారు. ఆ కాగితాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

ఇప్పుడు చాలామంది సెల్‌ఫోనుతో డబ్బు కడుతున్నారు. గోడ మీద గళ్ళ గళ్ళ బొమ్మ అంటించి ఉంటుంది. దాన్నే క్యూఆర్ కోడ్ అంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత వ్యాపారి బొమ్మ గోడ మీద అలాగే ఉండిపోతే టీ సంఘానిది, డబ్బు ఆయన ఖాతాకు! యజమానికి చెప్పి ముందే దాన్ని తీయించాలి.

కొత్త బొమ్మ సంఘం బ్యాంకు ఖాతాతోనే ఉండాలి. ఒక్కరి సొంత ఖాతాతో ఉండకూడదు. అక్క మంచిదే కావచ్చు. అయినా లెక్క కనబడకపోతే అనుమానాలు పుడతాయి. సంఘాలు విడిపోయేది ఇలాంటి వాటితోనే. ఎన్ని కప్పులు వాడారో, ఎంత డబ్బు వచ్చిందో ఏ రోజుది ఆ రోజే రాయాలి.

నిలబెట్టుకోవడం ఎలా?

చోటు దొరకడం సగం పనే. నిలబెట్టుకోవడం మిగతా సగం.

పొడి పోసేముందు పాకెట్టు మీద గడువు తేదీ చదవాలి. డబ్బా మూత గట్టిగా పెట్టాలి. తేమ తగిలితే పొడి గడ్డకడుతుంది. చీమలు, బొద్దింకలు చేరతాయి. టీ వచ్చే గొట్టాన్ని, గిలకొట్టే గిన్నెను రోజూ కడగాలి. కడిగేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయాలి. ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించాలి. తడి చేత్తో ముట్టుకోకూడదు. వాడిన కప్పులు వేయడానికి మూత ఉన్న బుట్ట పెట్టాలి.

వంతులు వేసుకుని పేరు పేరునా రాసుకోవాలి. ఒకరికి జ్వరం వస్తే ఎవరు వెళ్తారో కూడా రాయాలి. ఎవరైనా డబ్బు వేసి టీ రాలేదంటే, అప్పటికప్పుడు తిరిగి ఇవ్వాలి. పది రూపాయలు పోతే పోతాయి. నమ్మకం పోతే మళ్ళీ రాదు.

పాత వ్యాపారి చోటు ఎందుకు పోయింది? ఎవరో గుంజుకుంటే పోలేదు. ఆయన రావడం మానేస్తే పోయింది. సంఘం మానేసినా అంతే. లెక్కబెట్టే వారం రోజుల్లో చూపిన శ్రద్ధ ఏడాది తర్వాత కూడా ఉండాలి. అప్పుడే ఆ చోటు సంఘానిది.

చర్చించుకోండి

1. మీకు దగ్గరలో ఆగిపోయిన మిషను గానీ, మూతపడిన కొట్టు గానీ ఉందా? తప్పు మనిషిదా, చోటుదా?
2. టీ ధర 10 రూపాయలే ఉండి, పొడి ధర పెరిగి కప్పుకు 4 రూపాయలే మిగిలితే రోజుకు ఎన్ని కప్పులు అమ్మాలి? పై లెక్క చూసి మీరే వేయండి.
3. మీ సంఘంలో వంతు తప్పినవాళ్ళను ఏం చేయాలి? అందరూ కలిసి ఒక నియమం రాయండి.