ఎదుటివాని చేతిలోని సగము

ఇంటినుండియే కొలువు చేయు పాఠకులొకరు, ప్రతి శుక్రవారము హెచ్‌ఆర్ వారు ఆడించు ఆన్‌లైన్ ఆటలవలన, ఎన్నడును ముఖాముఖి కలిసికొనని సహోద్యోగుల నడుమ నిజముగా స్నేహము పుట్టునా యని అడిగియున్నారు. పుట్టుననియే నా నమ్మకము. కాని ఏ యాటయైనను చాలుననుకొనుట పొరపాటు.

2018లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పరస్పర పరిచయములేని 352 మందిని 80 జట్లుగా కూర్చి, కొన్ని జట్లచేత 45 నిమిషములు వీడియో ఆటలాడించి, కొన్నింటిని తమ లక్ష్యములను గూర్చి చర్చించుకొనుమని, తక్కినవానిని మౌనముగా చదువుకొనుమని చెప్పిచూడగా, తరువాతి పనిలో ఆడినవారి ఫలితము సుమారు 20 శాతము పెరిగెను. చిత్రమేమనగా, ఐకమత్యము పెరిగినదని మిక్కిలిగా చెప్పుకొన్నవారు చర్చించుకొన్న జట్లవారే! అయితే ఆడినవారందరు ఒకచోట కూర్చుండియే ఆడిరి గనుక, ఈ 20 శాతపు అంకెను దూరపు కొలువులకు యథాతథముగా అంటగట్టు వ్యాపార ప్రకటనలను నమ్మరాదు.

ఇక అసలు రహస్యమునకు వత్తము. 1954లో ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ వనమున, ముజఫర్ షెరీఫ్ అను సాంఘిక మనస్తత్వవేత్త 22 మంది బాలురను రెండు జట్లుగా చీల్చి, పోటీలతో పగ రగిల్చి, పిదప ఒకచోట భోజనమునకు కూర్చుండబెట్టగా, సఖ్యము కలుగుటకు మారుగా వారు తిండిని ఒకరిపైనొకరు విసరుకొనిరి. నీటి సరఫరా నిలిచిపోయి, లారీ కదలక మొరాయించి, రెండు జట్లును కలిసిననే గాని గడవని అవస్థ ఏర్పడిన పిమ్మటనే వైరము సడలెను. (అంతకు ముందటి సంవత్సరము న్యూయార్కు రాష్ట్రమున చేసిన ప్రయోగములో బాలురు పెద్దల పన్నాగమును పసిగట్టి కలహించుటకే నిరాకరించిరి, ఆ వైఫల్యమును షెరీఫ్ అంతగా చాటుకొనలేదు.)

1971లో టెక్సాసులోని ఆస్టిన్ నగరమునను, వేర్వేరు జాతుల పిల్లలను ఒకే తరగతిలో చేర్చినంతనే మైత్రి కుదురుననుకొన్నవారు కొట్లాటలను చూడవలసివచ్చెను. అప్పుడు ఎలియట్ ఆరన్‌సన్ అను మనస్తత్వవేత్త ఒక పాఠమును ముక్కలుచేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పిల్లవానికిచ్చి, తక్కినవారికి దానిని వాడే బోధించునట్లు ఏర్పరచెను. అంతవరకు ఎవ్వరు లక్ష్యపెట్టని బాలుని మాటను పరీక్షకై అందరును చెవియొగ్గి వినవలసివచ్చెను.

ఒకని చేతిలోని ముక్క తక్కినవారికి అవసరమై యుండవలెనను ఈ సూత్రమునే 2015లో వెలువడిన కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ అను ఆట మనోహరముగా వినియోగించినది. బాంబు ఒక్కనికే కానవచ్చును. దానిని నిర్వీర్యముచేయు విధానమంతయు తక్కినవారి పుస్తకమందుండును. గడియారము పరుగెత్తుచుండగా, ఎఱ్ఱతీగ యెన్నవది, మీట మీద ఏ మాటయున్నది అని అడుగుచు, తప్పుగా విని, దిద్దుకొని, ఎవరు తొందరపడుదురో, ఎవరు నిదానించి చెప్పుదురో క్రమముగా ఎరుగుదురు. ఒకే గదిలోనైనచో బాంబును కప్పిపుచ్చవలసివచ్చును. ఒకడు విశాఖలోను, మఱియొకడు డాలసులోను ఉన్నప్పుడు ఆ మఱుగు తనంతట తానే సిద్ధించును. దూరమే ఇచ్చట ఆటకు ఆధారము!

మన కార్యాలయములలో జరుగునది వేఱు: అన్నియు తెలిసిన ఒక్కడు క్విజ్‌లో బహుమతి కూపను కొట్టుకొనిపోవును, తక్కినవారు మైకు మూసికొని వంటపనిలో పడుదురు. ప్రశ్న పంపిన మిత్రులు తమ హెచ్‌ఆర్ వారితో ఆ క్విజ్ మాన్పించి, ఇట్టి యాటను పనిగంటలలోనే పెట్టుడని అడుగవలెను. సెలవు సాయంకాలమును హరించి ఆడించు ఆట వెట్టిచాకిరియే.