ఒంట్లో ఏ నొప్పీ లేదు.. కానీ గుండెకు ముప్పు! లాస్ ఏంజెలెస్ శివార్లలో చాగస్ రక్త పరీక్షలు ఎందుకు?

జ్వరం లేదు. నొప్పి లేదు. రోజూ పనికి వెళ్తున్నారు. కానీ ఒంట్లో ఓ పరాన్నజీవి ఏళ్ల తరబడి దాక్కుని ఉంటుంది. అదే చాగస్ వ్యాధి. ఇది సోకినవాళ్లలో 20 నుంచి 30 శాతం మందికి తర్వాతెప్పుడో గుండె లేదా జీర్ణ సమస్యలు వస్తాయి. అప్పటిదాకా చాలామందికి విషయమే తెలియదు.

ఎలా సోకుతుంది?

1909లో బ్రెజిల్ డాక్టర్ కార్లోస్ చాగస్ దీన్ని గుర్తించారు. లాటిన్ అమెరికా పల్లెల్లో మట్టిగోడల పగుళ్లలో ఉండే ఓ పురుగు రాత్రిపూట నిద్రపోయేవాళ్లను కుడుతుంది. అసలు సమస్య కాటు కాదు, ఆ పురుగు విసర్జించే మలం. దురద పెట్టి గోక్కుంటే పరాన్నజీవి లోపలికి వెళ్లిపోతుంది. తల్లి నుంచి కడుపులోని బిడ్డకు, రక్తం ఎక్కించినప్పుడు కూడా రావొచ్చు. పక్కన కూర్చుంటేనో, ముట్టుకుంటేనో రాదు.

మరి అమెరికా శివార్లలో ఎందుకు?

ఆ పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లు లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల లక్షల్లో ఉన్నారు. పురుగు అక్కడే ఉండిపోయింది, ఇన్ఫెక్షన్ మాత్రం వాళ్లతో వచ్చింది. శాన్ ఫెర్నాండో వ్యాలీలోని ఆలివ్ వ్యూ ఆస్పత్రిలో 2007లో ప్రత్యేక చాగస్ కేంద్రం మొదలైంది. జబ్బు లేదనుకునేవాళ్లు ఆస్పత్రికి రారు కదా! అందుకే డాక్టర్లే చర్చిల్లో హెల్త్ క్యాంపులు పెట్టారు. 2008 నుంచి 2014 వరకు 4,755 మందికి టెస్ట్ చేస్తే 1.24 శాతం పాజిటివ్. అంటే దాదాపు 80 మందిలో ఒకరు!

ఒక్క టెస్ట్ చాలదు

వ్యాధి పాతబడ్డాక రక్తంలో పరాన్నజీవి దొరకడం కష్టం. అందుకే యాంటీబాడీల కోసం వెతుకుతారు. రెండు వేర్వేరు పద్ధతుల్లో పాజిటివ్ వస్తేనే ఖాయం. రెండూ చెరోలా వస్తే మూడోది చేయాల్సిందే. ఖాయమైతే వెంటనే ఈసీజీ తీసి గుండె ఎలా ఉందో చూస్తారు.

బెంజ్‌నిడజోల్, నిఫర్టిమాక్స్ అనే మందులున్నాయి. ఎంత తొందరగా వాడితే అంత మంచిది. గుండె బాగా దెబ్బతిన్నాక ఇవి పెద్దగా పనిచేయవు. గర్భం రాకముందే మహిళలకు చికిత్స చేస్తే పుట్టబోయే బిడ్డకు సోకే ముప్పు బాగా తగ్గుతుంది.

అక్కడి మనవాళ్లూ ఇది గమనించండి

అమెరికాలో తొలిసారి రక్తదానం చేసేవాళ్ల రక్తానికి చాగస్ టెస్ట్ చేస్తారు. ఒకవేళ పాజిటివ్ అని లెటర్ వస్తే కంగారు పడొద్దు. లాటిన్ అమెరికాలో ఎప్పుడూ ఉండనివాళ్లకు అది తప్పుడు పాజిటివ్ కూడా కావొచ్చు. అలాగని లెటర్‌ని పక్కన పడేయొద్దు. డాక్టర్‌కి చూపించి, నిర్ధారణ టెస్ట్ చేయించుకోండి.